తమ్ముడు చెప్పలేకపోయిన మాట

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది మా తమ్ముడు సైన్యంలో చేరాడు. పాలమూరు గ్రౌండ్‌లో పరుగు నెగ్గి, మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుపోయిన కాళ్ళతో ఇంటికొచ్చి, "అమ్మా, తీసుకున్నరు" అన్నాడు. అమ్మ రొట్టెలు చేస్తోంది. జొన్నపిండి చేతులతోనే వాడి చెంపలు పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు.

వాడు దేశం కోసం చేరాడని తర్వాత చాలామంది అన్నారు. నిజం చెప్పాలంటే వాడు నౌకరీ కోసం చేరాడు. మాది దేవరకొండ దాటి డిండి వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరు. ఉన్న కాస్త చెల్కలో బోరు ఎండిపోయింది. పత్తి పెడితే పురుగు, కంది పెడితే వాన లేదు. బాపు అప్పటికే చనిపోయాడు. ఆయన మా విచారణలో ఉపదేశి. కథోలిక చర్చీలో ఒక ఫాదర్ కిందుండే ఊళ్ళన్నిటినీ కలిపి విచారణ అంటారు. ఫాదర్ ప్రతి వారం రాలేని పల్లెలకు బాపు సైకిల్ మీద పోయేవాడు. పిల్లలకు జపాలు నేర్పేవాడు, జబ్బుపడ్డవాళ్ళ మంచం పక్కన కూర్చునేవాడు, ఎవరైనా పోతే సమాధి దగ్గర ప్రార్థన చెప్పేవాడు. తమ్ముడు చిన్నప్పటి నుంచి ఆయన వెంట తిరిగి గుడిలో డోలక్ వాయించడం నేర్చుకున్నాడు. అలాంటివాడు తుపాకి పడతాడని ఇంట్లో ఎవరమూ అనుకోలేదు.

నేను అదే ఊళ్ళో సర్కారు బడిలో టీచర్ని. మా అత్తగారిల్లు అమ్మవాళ్ళింటికి రెండు సందుల అవతలే. బాపు పోయాక గుడిలో ఒక పని నా మీద పడింది. ఆదివారం పూజలో ప్రసంగం అయిపోయాక ఒకరు ముందుకు వెళ్ళి ఒక్కొక్క మనవీ చదువుతారు. వానల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, దవాఖానలో ఉన్నవాళ్ళ కోసం. ప్రతి మనవి చివరా జనమంతా కలిసి 'ప్రభువా, మా మొర ఆలకించు' అంటారు. ఆ మనవులు రాసి చదివేది నేనే. తమ్ముడు సైన్యంలోకి వెళ్ళిన నాటి నుంచి సైనికుల కోసం ఒక మనవి తప్పకుండా రాసేదాన్ని. అందరూ గట్టిగా గొంతు కలిపేవారు. అమ్మ గొంతు అందరికంటే పైన వినబడేది.

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. వాడు సెలవుకొచ్చి పోతుండేవాడు. కొత్త గచ్చు వేయించాడు, అమ్మకు కంటి ఆపరేషన్ చేయించాడు. తర్వాత వాడిని సరిహద్దుకు పంపారు. ఒక తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కు ముందు మేము ఉపవాసాలుండే రోజుల్లో, అక్కడ కాల్పులు మొదలయ్యాయి. టీవీలో పొద్దస్తమానం అవే కేకలు. తమ్ముడి ఫోన్ కలవడం మానేసింది. అమ్మ అన్నం ముందు కూర్చుని, కలిపి, అలాగే లేచి చేయి కడుక్కునేది.

అమ్మవాళ్ళ పక్కింట్లో గొర్రెలు కాసుకునే కుటుంబం ఉంది. ఆ ఇంటి ముసలామెను ఊరంతా గొర్ల అవ్వ అంటారు. మా తమ్ముడు ఆమె చేతుల్లో పెరిగాడు. ఆమె ఒకరోజు వచ్చి గడపలో కూర్చుని, "ఫికర్ జెయ్యకు బిడ్డా. ఎల్లమ్మకు పొట్టేలు మొక్కిన. పిలగాడు నవ్వుకుంట వస్తడు" అంది. ఉపదేశి భార్యగా అమ్మ బతుకంతా అలాంటి మొక్కులకు దూరంగా ఉంది. ఆ రోజు మాత్రం అవ్వ చేతులు పట్టుకుని, "మొక్కు అవ్వా, మొక్కు. వాడు బతికొస్తే చాలు నాకు" అని ఏడ్చింది.

ఆ శనివారం ఫాదర్ నన్ను పిలిపించారు. ఆయన వచ్చి ఏడాది కూడా కాలేదు. గుంటూరు వైపు మనిషి, ముప్పై దాటినంత వయసు, మెత్తగా మాట్లాడతారు. రేపు చదవబోయే మనవులు ఒకసారి చూసి, "అమ్మా, మన సైనికుల కోసం రాశారు, మంచిది. దాని కిందే ఇంకొకటి రాయగలరా? అవతలి వైపు సైనికుల కోసం, వాళ్ళ తల్లుల కోసం" అన్నారు.

నేను కాగితం వెనక్కి తీసుకుని మడతపెట్టాను.

"మీ ఇంట్లో పరిస్థితి నాకు తెలుసు. అందుకే ఆజ్ఞలా చెప్పడం లేదు. రేపటి ప్రసంగం శత్రువును ప్రేమించమన్న మాట మీదే. అది చెప్పి ఇది అడగకపోతే నా నోటికే చేదుగా ఉంటుంది" అన్నారు.

ఇంటికి పోయి రాశాను. కష్టమేమీ అనిపించలేదు, అదే ఇప్పటికీ నాకు వింత. అమ్మ అన్నం వదిలేసి లేచినట్టే అక్కడ కూడా ఎవరో ఒకామె లేస్తుండొచ్చు కదా అనుకున్నాను. అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు.

ఆదివారం మన సైనికుల మనవి చదివినప్పుడు గుడి మారుమోగింది. రెండోది చదివాను. 'ప్రభువా' అని ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు అలవాటుగా అందుకుని మధ్యలో ఆగిపోయారు. ఫాదర్ గొంతు ఒక్కటే చివరి దాకా వినిపించింది. నేను తలెత్తి అమ్మ వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల వైపు చూస్తోంది.

పూజ అయ్యాక గుడి మెట్ల మీద పెద్దబాపు నన్ను ఆపాడు. ఆయన మా బాపుకు అన్న, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు, మా విచారణ సంఘానికి పెద్ద. ఈ గుడి కడుతున్నప్పుడు గుట్ట మీది నుంచి రాళ్ళు మోసినవాళ్ళలో ఆయనొకడు.

"ఏం చదివినవే నువ్వు?" అన్నాడు.

"ఫాదర్ చెప్పిండు పెద్దబాపూ."

"ఫాదర్ ఇయ్యాల ఉంటడు, రేపు బదిలీ మీద పోతడు. మనం ఈడనే బతకాలె. గుప్పెడు మందిమున్నం. మనం దేశానికి కానోళ్ళమని అననీకి ఎప్పుడు మోక దొరుకుతదా అని చూసెటోళ్ళున్నరు. నువ్వే చేతికిస్తివి." ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది.

ఇంట్లో అమ్మ ఇంకా సూటిగా అడిగింది. "నీ తమ్ముని మీద తుపాకి పెట్టినోని తల్లి కోసం మొక్కినవ్. నీకు నోరెట్ల వచ్చింది?"

"ఫాదర్ రాయమన్నడమ్మా."

"ఫాదర్‌కు కొడుకు లేడు. నీకు తమ్ముడున్నడు గద."

ఆ తర్వాత కొన్ని వారాల పాటు ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

పెద్దబాపు భయపడినట్టే జరిగింది. పూజను ఎవరో ఫోన్లో తీశారు. నేను చదివిన ముక్క వరకు కత్తిరించిన వీడియో ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి పోయింది. సోమవారం బడిలో మా హెడ్మాస్టరు పక్కకు పిలిచి, "మీ తమ్ముడు ఆడున్నడు, మీరు గిట్ల చదువుడేంది మేడం?" అని నిజంగానే అర్థంకాక అడిగాడు. పిల్లల్లో ఒకరిద్దరి తండ్రులు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. సాయంత్రం మోటారు సైకిళ్ళ మీద కుర్రాళ్ళు జెండాలు పట్టుకుని గుడి గేటు ముందు ఆగారు. భారత్ మాతా కీ జై అన్నారు. ఆ మాట నేను రోజూ బడిలో పిల్లలతో అనిపించేదే. ఆ సాయంత్రం మాత్రం అది మా మీదికి రాయి విసిరినట్టు తగిలింది. ఫాదర్ వరండాలో నిలబడి ఉన్నారు, ముందుకు రావాలో లోపలికి పోవాలో తెలియనట్టు.

గొర్ల అవ్వ మందను తోలుకుని అటే వస్తోంది. గొర్రెలు బండ్ల మధ్యకు జొరబడ్డాయి. ఆమె కట్టె నేలకు కొట్టి, "ఎవలిరా మీరు? మీ ఇండ్లల్ల నుంచి ఒక్కడన్న పోయిండా ఆడికి? గీ గుడి పిలగాడు పోయిండు. ఆని తల్లి తిండి లేక పండుకున్నది. మీరు ఈడ ఒర్రుతున్నరు. పొండ్రి!" అంది. వాళ్ళలో ఒకడు ఆమె మనవడి వరసే. నవ్వుకుంటూ, సణుగుకుంటూ వెళ్ళిపోయారు. ఏ గొడవా జరగలేదు. కానీ ఆ రాత్రి నుంచి చాలా రోజులు మా వాళ్ళు జపానికి రావడానికి జంకారు.

పెద్దబాపు గుడి గేటుకు జాతీయ జెండా కట్టించాడు. దాని పక్కన తమ్ముడు యూనిఫాంలో ఉన్న ఫోటోతో నిలువెత్తు బ్యానర్ పెట్టించాడు. ఆ తర్వాతి ఆదివారం ఫాదర్ పీఠం దగ్గర నిలబడి, మన విచారణ మన సైనికుల వెంట ఉందని, ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే మన్నించమని చెప్పారు. నన్ను ఆ రెండో మనవి రాయొద్దన్నారు. సామాను గదిలో పూజ వస్త్రాలు మడతపెడుతూ, నా మొహం చూడకుండా, "భయపడ్డానమ్మా. నా ఒక్కడి కోసమైతే వేరు" అన్నారు. నేను ఆయన్ను తప్పు పట్టలేదు. నాకు కూడా ఊపిరి పీల్చుకున్నట్టే అయింది.

తమ్ముడి ఫోన్ వచ్చింది. "మంచిగనే ఉన్న" అని ఒక్క మాట. అమ్మ ఆ పూట కడుపునిండా తింది. కాల్పులు ఆగాయి. ఈస్టర్ తర్వాత సెలవు దొరికిందని కబురు పంపాడు.

పెద్దబాపు ఏర్పాట్లు మొదలుపెట్టాడు. బస్టాండు నుంచి బ్యాండుతో ఊరేగింపు, ఆదివారం కృతజ్ఞతా పూజ, యూనిఫాంలో సన్మానం. ఊరి పెద్దలందర్నీ పిలిచాడు. ఆ కుర్రాళ్ళను కూడా పిలిచాడు. "వాళ్ళే పూలదండ ఎయ్యాలె. అప్పుడు నోర్లు మూస్తరు" అన్నాడు. తమ్ముడు మాత్రం చెప్పిన రోజుకు ముందే, ఊరి బయట క్రాస్ రోడ్డు దగ్గర బస్సు దిగి, పొలాల గట్ల మీదుగా నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. చిక్కిపోయాడు. అమ్మ కోడిని కోసింది. వాడు ముక్కలు పక్కకు తోసి పులుసుతో తిన్నాడు.

మర్నాడు పొద్దున చెల్క చూసొద్దామని నన్ను తోడు తీసుకెళ్ళాడు. సీతాఫలం పొదల పక్కన బండ మీద కూర్చున్నాం. ఊరేగింపు వద్దని పెద్దబాపుకు చెప్పమన్నాడు.

"ఎందుకురా? ఊరంతా సంబురంగున్నది" అన్నాను.

వాడు కాసేపు మట్టిబెడ్డలు చిదిమాడు. "అక్కా, నేను తుపాకి కాల్చెటోన్ని కాదు. మోర్టార్ మీదుంట. మేం గుట్ట ఎనకాలుంటం. ముంగటున్నోడు వైర్లెస్ల చెప్తడు, ఎంత దూరం, ఏ దిక్కు అని. మేం గొట్టం గట్ల తిప్పుతం, గుండు ఏస్తం. ఏడ పడ్డదో మా కంటికి కనబడది."

"ఊఁ."

"మా దిక్కు ఒక పల్లె ఉన్నది. ఆడ ఒక తాత మాకు పాలు పోసెటోడు. వాళ్ళ గుండు పడి ఆయన పోయిండు. పాల క్యాను గట్లనే ఉన్నది. ఆ పొద్దు మాకు హుకుం వచ్చింది, కొట్టుమని. నేను కోపంతోని కొట్టిన అక్కా. ఒక్కొక్క గుండు ఏస్తుంటె మంచిగనిపించింది." చేతి మట్టి దులుపుకున్నాడు. "తెల్లారినంక ముంగటి పోస్టుకు సామాన్లు మోసుకపోయినం. ఆడ దుర్బీన్‌ల చూసిన. వాగు అవతల, వాళ్ళ దిక్కు, ఒక ఇల్లు, కప్పు లేదు. నలుగురు మంచం మోసుకపోతున్నరు. మంచం మీద బట్ట కప్పిండ్రు."

"మీరు కొట్టిందేనా?"

"తెల్వది. వేరే పోస్టోళ్ళు కూడ కొట్టిండ్రు. మాదే కావచ్చు, కాకపోవచ్చు. ఎవరినడిగినా తెల్వది." నా వైపు తిరిగి, "ఇది పాపమా అక్కా? బాపు ఉంటే ఏమంటుండె?" అన్నాడు.

బాపు ఏమనేవాడో నాకు తెలియలేదు. ఆయన పల్లెల్లో తాగుబోతు గొడవలు తీర్చాడు గానీ ఇలాంటి ప్రశ్న ఆయన్ను ఎవరూ అడిగి ఉండరు. "నువ్వు కావాలని చేసింది కాదు గద. హుకుం ఇచ్చిండ్రు" అన్నాను. అన్న వెంటనే ఆ మాట ఎంత తేలికగా ఉందో నాకే తెలిసింది. వాడు తలూపి లేచాడు.

ఊరేగింపు ఆగిపోయింది, వాడు ఎటూ ముందే వచ్చేశాడు కాబట్టి. సన్మాన పూజను మాత్రం పెద్దబాపు వదల్లేదు. శనివారం సాయంత్రం తమ్ముడు పాప సంకీర్తనానికి వెళ్ళాడు. మా దగ్గర ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందాకే దివ్య సత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరమని నమ్మి పూజలో అందుకునే అప్పం, తీసుకోవాలంటారు, మనసు మీద పెద్ద బరువున్నప్పుడు మరీను. నేను గుడి బయట పూలు సర్దుతున్నాను. వాడు చాలా సేపటికి బయటకొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

"అయిందారా?"

"కాలే."

ఫాదర్ ఏమీ అనలేదట. ఓపికగా విన్నారట. దేశాన్ని కాపాడటం తప్పు కాదని, ప్రాణం పోసినవాడు నీ మనసు చూస్తాడని, కోపంతో చేసిన దానికి పశ్చాత్తాపపడితే చాలని చెప్పారట. చివరికి మనస్తాప జపం చెప్పమన్నారట. అందులో, చేసినదానికి దుఃఖపడుతున్నానని, ఇకమీదట అది చేయనని దేవునికి మాటిచ్చే వాక్యం ఒకటి ఉంది. చిన్నప్పుడు బాపు మా ఇద్దరికీ వల్లె వేయించిందే.

"ఆడికొచ్చి ఆగిపోయిన అక్కా. ఇకమీదట చెయ్యనని ఎట్ల చెప్పాలె? సెలవు అయిపోంగనే అదే గొట్టం కాడికే పోతున్న. రేపు హుకుమొస్తే కొడ్త. ఆ తాత అసుంటోళ్ళు ఇంక మస్తు మందున్నరు ఆడ, కొట్టకపోతె ఎట్ల? కొడ్తనని తెలిసి కొట్టనని దేవునికి అబద్ధం చెప్పాల్నా?"

"ఫాదర్ ఏమన్నడు?"

"కోపం మటుకు పెట్టుకోనని చెప్పు, చాలు అన్నడు. అదన్న ఎట్ల చెప్తా? మళ్ళ ఒకని పాల క్యాను చూస్తే రాదా కోపం?"

వాడు ఫాదర్ దగ్గర్నుంచి లేచి వచ్చేశాడట, క్షమాపణ పొందకుండానే.

ఆదివారం గుడి బయట కూడా జనం నిలబడ్డారు. ఊరి పెద్దలకు ముందు కుర్చీలు వేశారు. తమ్ముడు యూనిఫాంలో మొదటి వరుసలో, అమ్మ పక్కన. ఇస్త్రీ మడతలు నలగకుండా కూర్చున్నాడు. సత్ప్రసాదం వేళకు పెద్దబాపు సైగ చేశాడు, ముందు వాడే రావాలని. వాడు కదల్లేదు. అమ్మ మోచేత్తో పొడిచింది. వాడు తల అడ్డంగా ఊపి, మోకాళ్ళ మీదికి దిగి, మొహం చేతుల్లో దాచుకున్నాడు. వెనక వరుసలు వాడిని దాటుకుంటూ పోయాయి. దాటుతున్న ప్రతి ఒక్కరూ ఒకసారి వాడి వైపు చూశారు. అందరికీ ఇచ్చాక ఫాదర్ ఆ వరుస దగ్గరికి వచ్చి వాడి తల మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డారు.

దండలు వేశారు. జెండాల కుర్రాడే మొదటి దండ వేశాడు, మనస్ఫూర్తిగా వేశాడు, కౌగిలించుకున్నాడు కూడా. పెద్దబాపు మైకులో మాట్లాడుతూ బైబిల్లోని దావీదు రాజు యుద్ధాలు చేసిన సంగతి చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. తమ్ముడు చేతులు జోడించి నిలబడ్డాడు. ఊరి పెద్దలకు ఏమీ అనుమానం రాలేదు. మా వాళ్ళకు మాత్రం ఆ సన్మానం కంటే వాడు సత్ప్రసాదం తీసుకోకపోవడమే పెద్ద సంగతైంది. మిలటరీ ఊళ్ళో ఎవతెనో ఉంచుకున్నాడని ఒకరు, మతం మారాడని ఒకరు. సాయంత్రానికి అవి అమ్మ చెవికి చేరాయి.

"నిజం చెప్పు. ఏం చేసినవ్ బిడ్డా?" అని అడిగింది, నా ముందే. వాడు చెప్పాడు. నాకు చెప్పిందంతా చెప్పాడు. అమ్మ బియ్యం చేట పక్కన పెట్టి విన్నది.

"మంచం మీద ఎవలు?" అంది చివరికి.

"తెల్వదమ్మా."

"పెద్దోళ్ళా, పిల్లలా?"

"దూరం. తెల్వలే."

ఆమె పొయ్యి రాజేసి వాడికి అన్నం పెట్టింది. తినేదాకా పక్కనే కూర్చుంది.

మంగళవారం పొద్దున అమ్మ నన్ను తోడు రమ్మని ఫాదర్ దగ్గరికి వెళ్ళింది. చనిపోయినవాళ్ళ కోసం పూజ చెప్పించుకోవడం మాలో ఉంది. ఫలానా వారి ఆత్మశాంతి కోసం అని పూజకు ముందు పేరు చదువుతారు. తను ఒక పూజ చెప్పించాలంది. "పేరమ్మా?" అని ఫాదర్ అడిగారు.

"పేరు తెల్వదు. ఆడనో మొగనో కూడ తెల్వదు."

ఫాదర్ నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఫాదర్ అయ్యే ముందు సెమినరీలో ఏది ధర్మయుద్ధం, ఏది కాదు అని పరీక్ష రాశానమ్మా. బాగానే రాశాను. ఎదురుగా మనిషి కూర్చుని అడిగితే ఎలా ఉంటుందో అప్పుడు తెలియలేదు" అన్నారు. ఎవరి గురించీ చెప్పలేదు, పాప సంకీర్తనంలో విన్నది చెప్పకూడదు కూడా. అమ్మకు ఆ మాటలు సగం అర్థమయ్యాయో లేదో. "రేపు పొద్దుటి పూజకైతదా?" అని అడిగింది.

బుధవారం పొద్దున గుడిలో నలుగురైదుగురం. పేరు తెలియని ఒక ఆత్మ కోసం అని ఫాదర్ చదివారు. ఈసారి మొర ఆలకించమన్నప్పుడు అమ్మ గొంతు వినబడింది, చిన్నగా. పెద్దబాపు కూడా ఆ రోజు వచ్చి వెనక కూర్చున్నాడు. ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. బయటకొచ్చాక అమ్మతో, "బయట అనకు మరదలా" అని మాత్రం అన్నాడు.

తమ్ముడు తిరిగి వెళ్ళిపోయాడు. ఏడాది తర్వాత ఫాదర్‌కు హాలియా దాటి ఎక్కడికో బదిలీ అయింది. వాడు సెలవుకొచ్చిన ప్రతిసారీ గుడికి వచ్చేవాడు, డోలక్ కూడా వాయించేవాడు, సత్ప్రసాదం వేళకు మాత్రం బయటకు పోయి కొళాయి దగ్గర నిలబడేవాడు. జనం అలవాటుపడిపోయారు. అమ్మ అలవాటుపడలేదు. ప్రతిసారీ వాడు లేచి పోతుంటే తల తిప్పి చూసేది.

కరోనా తగ్గాక వాడికి పెళ్ళి కుదిరింది. మునుగోడు దిక్కు పిల్ల, నర్సింగ్ చదివింది. గుడిలో పెళ్ళికి ముందు పాప సంకీర్తనం చేయాలి కదా, వాడు ఆ పిల్లకు కూడా అన్నీ చెప్పి, కాదంటే ఇప్పుడే కాదనమన్నాడట. ఆమె కాదనలేదు. అప్పటికి మా విచారణకు ముసలి ఫాదర్ ఒకాయన వచ్చి ఉన్నారు, మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకుని నడిచేవారు. ఆయన లోపల ఏమన్నారో నేను అడగలేదు. వాడే చెప్పాడు. "ఆ జపం ఎంతవరకు నిజంగ చెప్పగలవో అంతవరకే చెప్పు బిడ్డా, మిగిలింది నీ కోసం నేను చెప్త" అన్నారట. వాడు సగం చెప్పి ఆగితే, ఆ ముసలాయన మిగతా సగం నెమ్మదిగా చదివారట.

పెళ్ళి పూజలో వాడు సత్ప్రసాదం తీసుకున్నాడు. అమ్మ బొటబొటా ఏడ్చింది. భోజనాల దగ్గర నేను వాడి చెవిలో, "ఇప్పుడు మనసు తేలికయిందారా?" అన్నాను.

"లేదక్కా. గట్లనే ఉన్నది. మస్తేండ్లాయె, ఆకలైంది, తీసుకున్న" అన్నాడు.

ఇప్పుడు వాడు సరిహద్దులో లేడు. వేరే చోట కొత్తగా చేరినవాళ్ళకు అదే మోర్టార్ నేర్పుతున్నాడు. మరదలు దేవరకొండ దవాఖానలో చేస్తూ అమ్మ దగ్గరే ఉంటోంది. మొన్న మళ్ళీ టీవీలో ఆ కేకలు మొదలైనప్పుడు నేను అమ్మవాళ్ళింట్లో కూర్చుని వాడికి ఫోన్ చేశాను. చేసిన సర్వీసు చాలు, పింఛను రాకున్నా సరే, వచ్చేయమన్నాను.

"వస్తే నా జాగల ఇంకొకడు నిలబడ్తడు అక్కా. నా కంటె చిన్నోడు. వాడు ఫోన్ చేసి, ఇది పాపమా అని వాళ్ళక్కను అడుగుతడు."

"మరి ఉంటవా?"

"అది కూడ చెప్పలేకపోతున్న" అన్నాడు.

నేను ఏదో అనబోయాను. మరదలు డ్యూటీకి ఆలస్యమవుతోందని ఫోన్ అందుకుని, తిన్నవా, నిద్ర పడుతున్నదా అని అడగడం మొదలుపెట్టింది. అమ్మ లోపలి నుంచే, నిద్ర సంగతి ఏమంటున్నాడో తనకూ చెప్పమని కేక వేసింది.